దుఃఖంలో, దిగులులో ఉన్న యూదుల పక్కన ఎలా నిలబడాలి

ఇజ్రాయెల్‌లో వృద్ధుల ఇళ్లలో కేర్‌గివర్లుగా పనిచేస్తున్న తెలంగాణ, ఆంధ్ర జిల్లాల వారికీ, అమెరికాలోనో బ్రిటన్‌లోనో యూదు సహోద్యోగులతో కలిసి పనిచేస్తున్న తెలుగువారికీ, కౌన్సెలింగ్ వృత్తిలో ఉండి యూదు కుటుంబాలను చూడవలసి వచ్చేవారికీ ఎప్పుడో ఒకప్పుడు ఒకే ఇబ్బంది ఎదురవుతుంది. ఎదుటి మనిషి దుఃఖంలోనో, తీవ్రమైన దిగులులోనో ఉన్నాడని కనిపిస్తూనే ఉంటుంది, కాని ఆ ఇంట్లో ఏ మాట అనవచ్చో, ఏ పని చేయవచ్చో తెలియదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగే ఇంటి భాషగా ఉన్న బెనె ఎఫ్రాయిం అనే చిన్న యూదు సముదాయం ఉంది కనుక, ఈ సందర్భం రావడానికి విదేశం వెళ్లవలసిన అవసరం కూడా లేదు.

యూదు సంప్రదాయం ఓదార్పును వ్యక్తుల మంచితనానికి మాత్రమే వదిలిపెట్టకుండా, బాధలో ఉన్నవారి దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ కూర్చోవాలి, ముందు ఎవరు మాట్లాడాలి, ఎప్పుడు లేచి రావాలి అన్న విషయాలను ధర్మశాస్త్రంలో భాగంగా రాసిపెట్టింది. ఆ నియమాలు తెలిసినవారికి కొత్త మనిషి ఇంట్లో ఎలా మసలుకోవాలన్న భయం చాలావరకు తగ్గుతుంది. వాటిలో చాలా నియమాలు ఈనాటి కౌన్సెలర్లకు శిక్షణలో నేర్పే పద్ధతులకు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉన్నాయి.

ముందుగా అడిగి తెలుసుకోండి

షబ్బాత్, అంటే శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడే వరకు ఉండే విశ్రాంతి దినాన, టెల్ అవీవ్‌లో కారు నడిపే మనిషీ, ఆచారాలు గట్టిగా పాటించేవారు ఎక్కువగా ఉండే బ్నె బ్రాక్‌లో ఫోను కూడా ముట్టని మనిషీ ఇద్దరూ యూదులే. అందువల్ల పుస్తకంలో చదివిన నియమాన్ని ఎదుటి మనిషి మీద రుద్దకుండా, "మీ ఇంట్లో ఏయే ఆచారాలు పాటిస్తారు? నేను దేని విషయంలో జాగ్రత్తగా ఉండాలి?" అని నేరుగా అడగడం మంచిది. ఈ ప్రశ్నకు నొచ్చుకునేవారు అరుదు. మిగతా ఆచారాలన్నీ వదిలేసిన కుటుంబాలు కూడా ఇంట్లో చావు సంభవించినప్పుడు మాత్రం సంతాపంగా ఏడు రోజులు ఇంట్లో కూర్చోవడం చాలా మామూలు విషయమని గుర్తుంచుకోండి.

జబ్బుమనిషిని చూడబోయేటప్పుడు

రోగిని పరామర్శించడాన్ని యూదులు బిక్కూర్ ఖోలిమ్ అంటారు. తమంతట తాము చేసే దయాకార్యంగా కాక, చేయవలసిన విధిగా దాన్ని భావిస్తారు. యూదు ధర్మశాస్త్ర చర్చల ప్రాచీన సంకలనమైన తాల్మూద్‌లోని నెదారిమ్ అనే భాగం ప్రకారం, చూడవచ్చిన మనిషి రోగి బాధలో అరవయ్యో వంతును తీసుకుపోతాడు. అదే భాగంలో రబ్బీ (యూదు మతగురువు) అకీవా కథ ఉంది. జబ్బుపడిన ఒక శిష్యుణ్ణి ఎవరూ చూడబోకపోతే అకీవా స్వయంగా వెళ్లాడు, నేల ఊడ్పించి నీళ్లు చల్లించాడు, శిష్యుడు కోలుకుని తనను బతికించింది మీరేనన్నాడు. ఆ కథలో అకీవా చేసిన ఉపదేశం ఏదీ లేదు, నేల శుభ్రం కావడమే ఉంది. డిప్రెషన్‌తో మంచం దిగలేని మనిషి ఇంటికి వెళ్లినప్పుడు మీరు చేయదగ్గ మొదటి పని కూడా ఇలాంటిదే. గిన్నెలు కడగవచ్చు, బట్టలు మడతపెట్టవచ్చు, కిటికీ తెరవాలా అని అడిగి తెరవవచ్చు. సలహాలకు తరువాత చాలా సమయం ఉంటుంది.

1565లో వెనిస్‌లో అచ్చయిన షుల్ఖాన్ ఆరూఖ్ అనే ధర్మశాస్త్ర గ్రంథం ఈ పరామర్శకు వివరమైన హద్దులు పెట్టింది. బంధువులు, దగ్గరి స్నేహితులు వెంటనే వెళ్లవచ్చు, అంతగా పరిచయం లేనివారు మూడు రోజులు ఆగి వెళ్లాలి. జబ్బు హఠాత్తుగా ముదిరితే మాత్రం అందరూ వెంటనే వెళ్లవచ్చు. రోగికి భారం కానంత వరకు ఒకే రోజులో ఎన్నిసార్లయినా వెళ్లవచ్చు. రోగి నేలమీద పడుకుని ఉంటే వచ్చినవాడు అతనికంటే ఎత్తులో కూర్చోకూడదు. పగటి మొదటి మూడు గంటల్లోనూ చివరి మూడు గంటల్లోనూ వెళ్లవద్దని మరొక నియమం ఉంది. పొద్దున రోగి తేటగా కనిపిస్తాడు కనుక చూడవచ్చినవాడు ప్రార్థన అవసరం లేదనుకుంటాడనీ, సాయంత్రం జబ్బు ముదిరినట్టు కనిపిస్తుంది కనుక ఆశ వదులుకుంటాడనీ తాల్మూద్ దానికి కారణం చెబుతుంది. జ్వరం వంటి జబ్బుల విషయంలో ఈ పరిశీలన సరైనదే, కాని తీవ్రమైన కుంగుబాటులో చాలామందికి పొద్దుటి పూటే బరువుగా ఉండి సాయంత్రానికి కొంత తేలికపడుతుంది. కాబట్టి దిగులులో ఉన్నవారి విషయంలో గడియారాన్ని బట్టి వెళ్లకుండా ఏ వేళకు రమ్మంటారో ఫోను చేసి అడిగి వెళ్లండి.

ఇక్కడ ఒక లోపాన్ని కూడా చెప్పుకోవాలి. గుండె ఆపరేషన్ జరిగిన ఇంటికి వరుసలో భోజనాలు పంపే ఇరుగుపొరుగు, మానసిక చికిత్స వార్డులో ఉన్న మనిషి ఇంటికి ఆ చనువుతో వెళ్లరు. జబ్బు పేరు బయటికి పొక్కకూడదని కుటుంబమే దాచడం దీనికి ఒక కారణం. బిక్కూర్ ఖోలిమ్ నియమాలు ఒంటి జబ్బుకూ మనసు జబ్బుకూ తేడా చూపించవు కనుక, కుటుంబం అనుమతిస్తే రెండో ఇంటికి కూడా మొదటి ఇంటికి వెళ్లినట్టే వెళ్లండి, భోజనం కూడా అలాగే పంపండి.

మాట్లాడనివ్వడం, మాట్లాడకుండా ఉండడం

మనిషి గుండెలోని చింత అతణ్ణి కుంగదీస్తుందనీ, మంచిమాట సంతోషపెడుతుందనీ బైబిల్‌లోని సామెతల గ్రంథం చెబుతుంది. దాన్ని ఆచరణలో ఎలా పెట్టాలన్న విషయంలో రబ్బీ అమ్మీ, రబ్బీ అస్సీ అనే ఇద్దరు పండితులు విభేదించారు. ఆ చింతను మనసులోంచి తోసివేయాలని ఒకరు, ఇతరులతో చెప్పుకోవాలని మరొకరు అన్నారు. తాల్మూద్ ఈ రెంటిలో ఏది సరైనదో తేల్చలేదు. తేల్చకపోవడమే మంచిదని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే రాత్రంతా ఒకే ఆలోచన చుట్టూ తిరిగే మనిషికి కొంతసేపు దాన్ని పక్కన పెట్టే పని ఉపయోగపడుతుంది, ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పనిదాన్ని మోస్తున్న మనిషికి చెప్పుకోవడమే అవసరమవుతుంది. మీ ఎదుట ఉన్నది ఎవరో గమనించి, "దీని గురించి మాట్లాడాలని ఉందా, లేక కాసేపు వేరే ఏదైనా చేద్దామా?" అని అడగండి.

బాధకు అర్థం చెప్పే ప్రయత్నం చేయకండి. తాల్మూద్‌లోని బెరాఖోత్ భాగంలో రబ్బీ యోహానాన్, జబ్బుపడిన రబ్బీ హియ్యాను చూడబోయి, ఈ బాధలు నీకు ప్రియమైనవేనా అని అడుగుతాడు. బాధలూ వద్దు, వాటికి దొరికే ప్రతిఫలమూ వద్దు అని హియ్యా జవాబిస్తాడు. అప్పుడు యోహానాన్ వాదించడు, చేయి ఇవ్వమని అడిగి లేవనెత్తుతాడు. దేవుడు పరీక్షిస్తున్నాడనో, కర్మఫలమనో, అంతా మంచికేననో చెప్పబోయే ప్రతిసారీ ఈ జవాబును గుర్తుచేసుకోండి. కష్టంలో ఉన్నవాణ్ణి నువ్వేదో చేసి ఉంటావు అన్నట్టుగా మాట్లాడడాన్ని తాల్మూద్ మాటలతో చేసే హింసగా లెక్కగట్టి నిషేధించింది. బైబిల్‌లో కష్టాలపాలైన యోబు అనే మనిషి స్నేహితులు అతనితో మాట్లాడిన తీరునే అందుకు ఉదాహరణగా చూపింది.

ఆ స్నేహితుల నుంచే సంప్రదాయం దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పాఠాన్ని కూడా తీసుకుంది. పిల్లలనూ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చిన ముగ్గురు స్నేహితులు, అతని బాధ ఎంత పెద్దదో చూసి, ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ ఒక్క మాట లేకుండా అతనితో నేలమీద కూర్చున్నారు. ముందుగా నోరు తెరిచింది యోబే. దుఃఖించేవాడు మాట్లాడేవరకు ఓదార్చవచ్చినవారు మాట్లాడకూడదన్న నియమం దీని నుంచి పుట్టింది. వారు కూర్చున్నంతసేపు సరిగా చేశారు, వాదన మొదలుపెట్టిన తరువాత తప్పు చేశారు.

చావు జరిగిన ఇంట్లో

మన వైపు చావు ఇంటికి వెళ్లగానే ఎలా జరిగింది, ఎప్పుడు జరిగింది, ఏ ఆసుపత్రిలో చూపించారు అని అడగడం పరిపాటి. అడగకపోతే పట్టించుకోలేదనుకుంటారు. యూదుల ఇంట్లో ఇది తలకిందులవుతుంది. పొయ్యి వెలగని ఇంటికి పొరుగువారు వండి తేవడం మాత్రం మనకూ వారికీ ఒకటే. ఖననం నుంచి తిరిగివచ్చాక తినే మొదటి భోజనం తమ ఇంటిది కాకూడదన్న నియమం ఉన్నందున ఇరుగుపొరుగు వారే దాన్ని తెస్తారు. గుడ్లు, పప్పు వంటి గుండ్రని పదార్థాలు అందులో ఉండడం ఆనవాయితీ.

మరణానికీ ఖననానికీ మధ్యనున్న కాలాన్ని అనీనుత్ అంటారు. ఖననం వీలైనంత త్వరగా, తరచు ఆ రోజో మరునాడో జరుగుతుంది. చనిపోయినవారు ఎదురుగా ఉండగా దగ్గరివారిని ఓదార్చవద్దని తాల్మూద్‌కు మూలమైన మిష్నా అనే గ్రంథంలోని పిర్కే అవోత్ భాగం స్పష్టంగా చెబుతుంది. కనుక ఆ సమయంలో ఓదార్పు మాటలు మాని, బంధువులకు ఫోన్లు చేయడం, కాగితాలు వెతకడం, ఖనన ఏర్పాట్లు చూసే హెవ్రా కదీషా సంఘంతో మాట్లాడడానికి సాయపడడం వంటి పనులు చూసుకోండి.

ఖననం తరువాత షివా అనే ఏడు రోజుల కాలం మొదలవుతుంది. తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య లేక భర్త పోయినవారు ఈ ఏడు రోజులు ఇంట్లోనే నేలకు దగ్గరగా ఉన్న పీటల మీద కూర్చుంటారు. చినిగిన అంచు ఉన్న చొక్కా వేసుకుంటారు, తోలు చెప్పులు వేసుకోరు, అద్దాలపై గుడ్డలు కప్పుతారు. మీరు వెళ్లేటప్పుడు పాటించవలసినవి ఇవి. తలుపు చాలావరకు తెరిచే ఉంటుంది, గంట కొట్టకుండా మెల్లగా లోపలికి వెళ్లండి. షాలోమ్ అనిగాని, ఎలా ఉన్నారు అనిగాని పలకరించకండి. పువ్వులు పట్టుకెళ్లే ఆచారం సాధారణంగా లేదు. మీ వంటింట్లో వండినది కోషర్, అంటే యూదు ఆహార నియమాలు, పాటించేవారు తినలేరు కనుక కోషర్ ముద్ర ఉన్న, సీలు తీయని పదార్థాలు గాని, కోయని పండ్లు గాని తీసుకెళ్లండి. మిమ్మల్ని చూసి వారు లేచి నిలబడనవసరం లేదు, ఎంత పెద్దవారు వచ్చినా దుఃఖంలో ఉన్నవారు లేవనక్కర్లేదన్నది నియమం. పక్కన కూర్చుని ఆగండి. వారు వాతావరణం గురించి మాట్లాడితే అదే మాట్లాడండి, ఏడిస్తే ఏడవనివ్వండి, ఏమీ మాట్లాడకపోతే ఆ నిశ్శబ్దాన్ని భరించండి. మొదటిసారి వెళ్లినవారికి అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

వారు నోరు విప్పాక పోయినవారి గురించి మాట్లాడవచ్చు, మీకు తెలిసిన ఒక చిన్న సంగతి చెప్పవచ్చు. "ఆమె ప్రతి గురువారం నా చేత క్యారెట్లు తరిగించేవారు, సన్నగా లేకపోతే ఒప్పుకునేవారు కారు" వంటి మాట, కాలమే మాన్పుతుందన్న మాటకంటే ఎక్కువ పనిచేస్తుంది. పోయినవారు సుఖంగా ఉన్నారనీ, ఇంకా పిల్లలు పుడతారనీ, మీరు ధైర్యంగా ఉండాలనీ చెప్పకండి. ఇంటివారు తల ఊపి ఇక చాలన్నట్టు సైగ చేస్తే అక్కడ కూర్చోకూడదని ధర్మశాస్త్రమే చెబుతుంది కాబట్టి వెంటనే లేవండి. వెళ్లేముందు, సీయోను కోసం, యెరూషలేము కోసం దుఃఖించే తక్కినవారందరితో పాటు దేవుడు మిమ్మల్ని ఓదార్చు గాక అనే అర్థం వచ్చే హీబ్రూ వాక్యం చెబుతారు. హామకోమ్ యెనాహేమ్ అన్న మాటలతో మొదలయ్యే ఆ వాక్యం రాకపోతే మౌనంగా తల వంచి రావచ్చు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి వరకు బయటికి కనిపించే సంతాప ఆచారాలు ఆపుతారు కనుక ఆ సమయంలో పరామర్శకు వెళ్లరు. పెద్ద పండుగ మొదలైతే షివా అక్కడితో ముగిసిపోతుంది. అలా ముగిసిన ఇళ్లలో దుఃఖం సగంలో తెగిపోయినట్టు కొందరు బాధపడతారు, పండుగ అయ్యాక వారిని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుని వెళ్లండి.

ఏడో రోజు ఉదయం కొద్దిసేపు కూర్చుని లేస్తారు, చాలామంది ఇంటి చుట్టుపక్కల కాస్త నడిచి వస్తారు. అక్కడి నుంచి ముప్పై రోజులు పూర్తయ్యేవరకు పనికి వెళ్తూనే వేడుకలకు దూరంగా ఉంటారు. తల్లిదండ్రులు పోయినవారికి మాత్రం సంతాపం పన్నెండు నెలలు సాగుతుంది, అందులో పదకొండు నెలలు కద్దీష్ అనే ప్రార్థన చెబుతారు. కనీసం పదిమంది కూడితేనే కద్దీష్ చెప్పగలరు. అంటే దుఃఖంలో ఉన్న మనిషి రోజూ ఇల్లు వదిలి పదిమంది మధ్యకు రావలసిందే. మెట్టుమెట్టుగా లోకంలోకి తిరిగి రప్పించే ఈ ఏర్పాటును కౌన్సెలర్ చెడగొట్టకుండా, సెషన్లను దాని చుట్టూ అమర్చుకోవాలి.

ఈ కొలతలు చేరని చోట్లు కొన్ని ఉన్నాయి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు శాస్త్రం చెప్పే సంతాపం ముప్పై రోజులే, దుఃఖం ఎంతో ఎక్కువకాలం ఉంటుంది. ముప్పై రోజులు నిండకుండా పోయిన శిశువుకు, గర్భంలోనే పోయిన బిడ్డకు సంప్రదాయంగా షివా లేదు, అందువల్ల ఆ తల్లి దగ్గరకు ఎవరూ వచ్చి కూర్చోరు. సంతాపానికి లెక్కించే ఆ ఏడు సంబంధాలలో లేని అమ్మమ్మ పోయిన మనవరాలు, పదేళ్లు సేవ చేసిన కేర్‌గివర్ వంటివారి పరిస్థితి కూడా ఇంతే. వీరి దగ్గరకు మీరు అడగకుండానే వెళ్లాలి. ఏడాది దాటినా రోజువారీ పనులు సాగనంత దుఃఖం ఉంటే చికిత్స అవసరం కావచ్చు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో సవరించిన వర్గీకరణలో పెద్దవారి విషయంలో దీర్ఘకాల దుఃఖ రుగ్మతకు పెట్టిన హద్దు కూడా పన్నెండు నెలలే. మూడు రోజులు ఏడవడానికి, ఏడు రోజులు తలచుకోవడానికి, ముప్పై రోజులు అలంకారాలు మానడానికి అని తాల్మూద్ చెప్పిన మాటను మాత్రం, ఇక చాలించు అని గద్దించడానికి వాడకండి.

ప్రాణాపాయం ఉన్నప్పుడు

ప్రాణం నిలబెట్టడం దాదాపు అన్ని ఆజ్ఞలకంటే ముందు వస్తుంది. దీన్ని పికూఅఖ్ నెఫెష్ అంటారు. ఆజ్ఞలు మనిషి వాటి వల్ల జీవించడానికే అని లేవీయకాండము మాటను ఆధారం చేసుకుని తాల్మూద్ దీన్ని స్థిరపరిచింది. ప్రాణానికి ప్రమాదం ఉందన్న అనుమానం చాలు, షబ్బాత్‌ను పక్కన పెట్టవలసిందే. అలాంటి వేళ అనుమతి కోసం రబ్బీ దగ్గరకు పరుగెత్తి కాలం వృథా చేసేవాణ్ణి పూర్వ పండితులు మెచ్చుకోలేదు.

ఆత్మహత్య ఆలోచనలు ఉన్న మనిషి విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. శనివారమైనా ఫోను తీయండి, కారు ఎక్కించండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి, అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. మందులు, పదునైన వస్తువులు అందకుండా దూరం పెట్టండి, ఒంటరిగా వదలకండి. ఇజ్రాయెల్‌లో అంబులెన్సుకు 101, మానసిక ప్రథమ చికిత్సకు ఎరాన్ సంస్థ నడిపే 1201, అమెరికాలో 988 నంబర్లు ఉన్నాయి.

మనసుకు స్థిమితం కలిగించడం కూడా చికిత్సేనని సంప్రదాయం ఎన్నడో ఒప్పుకుంది. ప్రసవిస్తున్న స్త్రీ కోసం షబ్బాత్ నాడు దీపం వెలిగించవచ్చునని తాల్మూద్ అంటుంది, ఆమె అంధురాలైనా సరే, దీపం ఉందని తెలిస్తే ఆమె మనసు కుదుటపడుతుంది కనుక. చెడు ఆత్మకు భయపడి షబ్బాత్ దీపాన్ని ఆర్పినవాడు దోషి కాడని మిష్నా చెప్పినచోట, మైమోనిడీస్ దాన్ని తీవ్రమైన విషాదరోగంగా, వెలుగును భరించలేని రోగి పరిస్థితిగా వివరించాడు. పన్నెండో శతాబ్దంలో ఒక ధర్మశాస్త్రవేత్త దయ్యాల మాటను వైద్యం వైపు మళ్లించడం చిన్న విషయం కాదు.

ఉపవాసాల విషయంలో ముందుచూపు కావాలి. ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాడు సుమారు 25 గంటలు నీళ్లు కూడా ముట్టరు. లిథియం అనే మానసిక చికిత్స మందు వాడేవారి ఒంట్లో నీరు తగ్గితే మందు మోతాదు రక్తంలో ప్రమాదకరంగా పెరగవచ్చు. ఆహార సంబంధ రుగ్మతలు ఉన్నవారికి ఉపవాసం పాత జబ్బును తిరగదోడవచ్చు. కనుక పండుగకు కొన్ని వారాల ముందే రోగి, వైద్యుడు, రబ్బీ ముగ్గురూ మాట్లాడుకునేలా చూడండి. తినవలసి ఉందని వైద్యుడు చెబితే, రోగి వద్దన్నా వైద్యుని మాటే నిలుస్తుంది. తనకు తినక తప్పదని రోగి చెబితే, వైద్యులు అక్కర్లేదన్నా రోగి మాటే నిలుస్తుంది, తన గుండె చేదు తన గుండెకే తెలుసు అన్నది దానికి ఆధారం. తాగుడు అలవాటు మానుకుంటున్నవారికి మద్యం తాగే ఆచారమున్న పూరిమ్ పండుగ, శుభ్రత విషయంలో అతిగా భయపడేవారికి ఇల్లంతా శుభ్రం చేసే పస్కా పండుగ ముందరి వారాలు గండాలు. కౌన్సెలర్ తన డైరీలో యూదు పంచాంగం కూడా రాసుకోవాలి.

కౌన్సెలింగ్ గదిలో

ఆచారాలు గట్టిగా పాటించే మనిషి మీ గదికి వచ్చేసరికే కొన్ని భయాలు మోసుకొస్తాడు. తల్లిదండ్రుల గురించో, భార్య గురించో మీతో చెడుగా చెప్పడం లషోన్ హరా, అంటే చాడీ అవుతుందేమోనన్నది మొదటి భయం. మేలు కోసం, అవసరమైనంత వరకు చెప్పుకోవడాన్ని ఆ నియమాలు అనుమతిస్తాయి, అయినా ఆ మాట మీ నోటి నుంచి వింటే అతనికి తృప్తి కలగదు, తాను నమ్మే రబ్బీని అడిగి రమ్మనండి. రెండో భయం పెళ్లి సంబంధాలది. ఇంట్లో ఒకరికి చికిత్స జరుగుతోందని తెలిస్తే చెల్లెళ్లకు సంబంధాలు రావన్న బెంగ మనకు కొత్తేమీ కాదు. అందుచేత అపాయింట్‌మెంట్ల మధ్య వ్యవధి ఉంచి, ఒకే వీధివారు మీ గుమ్మంలో ఎదురుపడకుండా చూడండి.

పరాయి స్త్రీ పురుషులు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం ఉంది. తలుపు గడియ వేయకపోవడం, కిటికీ ఉన్న గది వాడడం, పక్క గదిలో మరొకరు ఉండడం వంటి ఏర్పాట్లలో ఏది సరిపోతుందో వారినే అడగండి. చేయి కలపడానికి ముందుగా మీరు చేయి చాపకండి. నమస్కారం ఈ ఇబ్బందిని తేలికగా దాటిస్తుంది.

మనసు జబ్బు విశ్వాసం లేనివారికే వస్తుందన్న అపోహతో వచ్చేవారికి మైమోనిడీస్ జీవితం చెప్పండి. 1138లో కొర్దోబాలో పుట్టి, ఈజిప్టులో రాజవైద్యుడిగా పనిచేసి, 1204లో మరణించిన ఆయన యూదు ధర్మశాస్త్రాన్నంతటినీ క్రోడీకరించినవాడు. వ్యాపారానికి బయలుదేరిన తమ్ముడు డేవిడ్ హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడన్న వార్త విన్నాక ఆయన సుమారు ఏడాదిపాటు మంచం పట్టాడు, ఎనిమిదేళ్ల తరువాత రాసిన ఉత్తరంలో కూడా ఆ దుఃఖం తీరలేదన్నాడు. ఒంటి జబ్బుకు వైద్యుని దగ్గరకు వెళ్లినట్టే మనసు జబ్బున్నవారు మనసును నయంచేసే జ్ఞానుల దగ్గరకు వెళ్లాలని రాసింది కూడా ఆయనే. రబ్బీగా, మానసిక వైద్యుడిగా రెండు వృత్తులూ చేసిన అబ్రహామ్ ట్వెర్స్‌కీ 1972లో పిట్స్‌బర్గ్‌లో వ్యసన చికిత్సా కేంద్రం స్థాపించడం కూడా ఈ సందర్భంలో చెప్పదగినదే.

ఆచారమే జబ్బు రూపం ధరించడం అన్నిటికంటే సున్నితమైన సమస్య. ప్రార్థనలో ఒక మాట సరిగా పలకలేదేమోనని నలభైసార్లు మళ్లీ చెప్పడం, మాంసం, పాలు కలిశాయేమోనని గిన్నెలను గంటల తరబడి కడగడం, చేతులు కడుగుతూనే ఉండడం భక్తి కిందికి రావు, ఓసీడీ, అంటే ఒకే భయంతో ఒకే పనిని పదేపదే చేయించే మనసు జబ్బు, కావచ్చు. దీనికి, భయపెట్టే పరిస్థితిని ఎదుర్కొని అలవాటైన చర్యను ఆపుకునే చికిత్స ఉంది. కాని ఎక్కడివరకు శాస్త్రం, ఎక్కడినుంచి జబ్బు అన్నది నిర్ణయించే అధికారం మీకు లేదు, రోగి ఒప్పుకోడు కూడా. ఒక రబ్బీ ఒక్కసారి కూర్చుని "ఒక్కసారి చెబితే చాలు, సందేహం వచ్చినా మళ్లీ చెప్పకు" అని తీర్పు ఇస్తే, దానిమీద మీరు చికిత్స కట్టుకోవచ్చు. అదే ప్రశ్నతో రోగి రోజూ రబ్బీకి ఫోను చేయడం మొదలుపెడితే అది కూడా జబ్బులో భాగమేనని ఆ రబ్బీకి చెప్పి ఉంచండి.

హోలోకాస్ట్ చూసినవారి ఇంట్లో

ఇజ్రాయెల్‌లో మీరు చూసుకుంటున్న వృద్ధులు హోలోకాస్ట్‌లో, అంటే నాజీలు యూదులపై జరిపిన సామూహిక హత్యాకాండలో, శిబిరాల నుంచి గాని, దాక్కున్న ఇళ్ల నుంచి గాని బయటపడినవారు కావచ్చు. దిండు కింద రొట్టె ముక్కలు దాచడం, షవర్ కింద నిలబడడానికి భయపడడం, యూనిఫాం చూసి బెదరడం, కుక్క అరుపుకు వణకడం వంటివి మొండితనంగా కనిపిస్తే తొందరపడి కోప్పడకండి. మతిమరుపు ముదిరినకొద్దీ నిన్నటి సంగతి పోయి, చిన్ననాటి భయం, చిన్ననాటి భాష తిరిగి వస్తాయి. అదంతా ఎప్పుడో అయిపోయిందని సరిదిద్దడం పనిచేయదు, ఇక్కడ తలుపు వేసి ఉంది, నేను పక్కనే ఉన్నాను అని చెప్పడం పనిచేస్తుంది. షవర్ బదులు బకెట్ నీళ్లతో స్నానం చేయించి చూడండి. దాచిన రొట్టె తీయవలసి వస్తే దాని చోట తాజాది పెట్టండి. హోలోకాస్ట్ స్మారక దినాన ఉదయం పది గంటలకు దేశమంతటా సైరన్ రెండు నిమిషాలు మోగుతుంది, ఆ సంగతి ముందురోజే చెప్పి, మోగేటప్పుడు చేయి పట్టుకుని ఉండండి. 1987లో మొదలైన అమ్ఖా అనే సంస్థ ఈ తరం వారికి ప్రత్యేకంగా కౌన్సెలింగ్ ఇస్తుంది, కుటుంబసభ్యులకు ఆ పేరు గుర్తుచేయండి.

మీ సంగతి

చేయి ఇచ్చి ఇతరులను లేవనెత్తిన రబ్బీ యోహానాన్ కూడా తరువాత జబ్బుపడ్డాడు. తనను తాను ఎందుకు లేపుకోలేదని తాల్మూద్ అడిగి, చెరలో ఉన్నవాడు తనను తాను విడిపించుకోలేడు అని జవాబు చెబుతుంది. ఆయనను లేపడానికి రబ్బీ హనీనా రావలసి వచ్చింది. ఇంటికి దూరంగా, సైరన్ల మధ్య, రాత్రిళ్లు మేలుకుని పనిచేసే కేర్‌గివర్‌కు ఇది నేరుగా వర్తిస్తుంది. వారపు సెలవును డబ్బు కోసం ప్రతిసారీ వదులుకోకండి. చూసుకున్న మనిషి పోతే షివాలో కుటుంబంతో పాటు కూర్చోవచ్చా అని అడగండి, చాలా కుటుంబాలు సంతోషంగా ఒప్పుకుంటాయి. నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం రెండు వారాలు దాటితే వైద్యుణ్ణి కలవండి. ఇండియాలో ఉన్న మీ కుటుంబసభ్యులకు అలాంటి సాయం కావలసి వస్తే, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.